పాప ఏడిస్తే వణుకు పుడుతోంది.. నాకు పిచ్చి పడుతోందా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కాన్పయి ఏడు వారాలైంది. పురిటికి పుట్టింటికొచ్చి ఇక్కడే ఉన్నాను. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి అమ్మనూ నన్నూ కొట్టేవారు. ఇప్పుడు పాప గట్టిగా ఏడిస్తే గుండె దడ, చేతులు వణుకు. విసిరేస్తానేమోనని భయమేసి ఎత్తుకోవడమే మానేశాను. పాప పడుకున్నా నాకు నిద్ర రాదు.
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: పిచ్చి కాదమ్మా. ఆ ఆలోచనకు మీరే భయపడి దూరం జరుగుతున్నారు చూడండి, అది ఆందోళన లక్షణం. ఇలాంటి తలపులు చాలామంది బాలింతలకు వస్తాయి, పైకి చెప్పరంతే. అరుపులు, దెబ్బల మధ్య పెరిగినవాళ్లకు పెద్ద శబ్దం వినగానే ఒళ్లు ప్రమాదానికి సిద్ధమైపోతుంది. నిద్రలేమి, కాన్పయ్యాక హార్మోన్లు పడిపోవడం దాన్ని ఇంకా పెంచుతాయి. పైగా మీరున్నది ఆ దెబ్బలు తిన్న ఇంట్లోనే! పురుడు పుట్టింట్లో అన్నది ఆనవాయితీ, వైద్యం కాదు. నాన్నగారు ఇప్పటికీ తాగుతుంటే మంచిరోజు కోసం చూడకుండా ఈ వారమే ఇల్లు మారండి.

మామూలు పురిటి దిగులు రెండు వారాల్లో తగ్గిపోతుంది. మీకు ఏడు వారాలైంది కాబట్టి సైకియాట్రిస్టును కలవాలి. బాలింతల్లో డిప్రెషన్‌ను గుర్తించడానికి వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో 10 ప్రశ్నలుంటాయి. 30కి 13 లేదా అంతకుమించి వస్తే డిప్రెషన్ అవకాశం ఎక్కువ. థైరాయిడ్ (టీఎస్‌హెచ్), హిమోగ్లోబిన్ పరీక్షలూ చేయించండి. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపుతోనూ ఇదే దడ, ఇదే వణుకు ఉంటాయి.

మందు అవసరమైతే సాధారణంగా సెర్ట్రలిన్ (డిప్రెషన్, ఆందోళనలకు ఇచ్చే మాత్ర) 25 లేదా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, కాబట్టి పాలు మాన్పించక్కర్లేదు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొందరు పదిరోజులకే 'పనిచేయలేదు' అని మానేస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు ఉండే జబ్బు) ఉంటే ముందే చెప్పాలి, అప్పుడు మందు ఎంపిక మారుతుంది. చిన్ననాటి గాయానికి సీబీటీ (ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్స) లాంటి థెరపీ ఉంది కానీ, ముందు నిద్ర కుదుటపడాలి. తొలిరోజే గతమంతా తవ్వించుకోకండి.

నిద్ర కోసం: రాత్రి ఒక పూట పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టండి (4 రోజుల వరకు నిల్వ ఉంటాయి). మీవారో అమ్మో ఉగ్గుగిన్నెతో పట్టిస్తే మీకు నాలుగైదు గంటలు ఏకబిగిన పడుకునే వీలుంటుంది.

దడ మొదలైతే పాపను ఎవరికైనా ఇవ్వండి. ఎవరూ లేకపోతే తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి పక్కగదిలోకి వెళ్లండి. ఐదు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు, పట్టుకుని కుదిపితేనే ప్రమాదం. పాదాలు నేలకు ఆనించి, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి.

ఇది మీవారికి చదివించండి: ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, అందరినీ అనుమానించడం, నిద్ర లేకున్నా అలుపు లేకపోవడం, చావు మాటలు.. వీటిలో ఏది కనిపించినా మిమ్మల్నీ పాపనూ ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.