వరసబెట్టి చదివేవాళ్ళకి: థ్రిల్లర్లు, ప్రేమనవలల గురించి ఓ ఉత్తరం

చిరంజీవి శ్రావణికి,

అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన జాబితా చూశాను. రెండు నెలల్లో పదకొండు నవలలు. ఏడు థ్రిల్లర్లు, నాలుగు ప్రేమకథలు. "అన్నీ కలగాపులగం అయిపోయాయి అత్తయ్యా, ఏ కథలో హంతకుడెవరో కూడా చెప్పలేను" అని రాశావు. అది మతిమరుపు కాదు, చదివిన వరస అలాంటిది. జాబితాలో మూడో పుస్తకం నుంచి ఆరో పుస్తకం దాకా దాదాపు ఒకే మూసలో ఉన్నాయి: ఒకమ్మాయి కనిపించకుండా పోతుంది, అనుమానం మొగుడి మీదికి పోతుంది, తీరా చూస్తే చేసింది ఇంకెవరో. అలాంటివి నాలుగు వెంటవెంటనే చదివితే ఎవరికైనా పేర్లు కలిసిపోతాయి.

కాబట్టి ముందు వరస సంగతి. అట్ట మీద థ్రిల్లర్ అని వేసినవాటిలోనే మూడు రకాలున్నాయి. నేరం జరిగిపోయింది, చేసిందెవరు అనేది ఒకటి. మన డిటెక్టివ్ నవలలన్నీ ఆ బాపతే. నేరం జరగబోతోంది, ఆపగలరా లేదా అనేది రెండోది. మూడోదాంట్లో పాత్రకి తెలియని సంగతి మనకి ముందే తెలిసిపోతుంది. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ దీని గురించే: బల్ల కింద బాంబు ఉందని చెప్పకుండా పేలిస్తే జనానికి పదిహేను సెకన్ల ఉలికిపాటు, ముందే చూపించి, ఆ బల్ల దగ్గరే ఇద్దరి చేత కబుర్లు చెప్పిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. మొదటి ముప్ఫై పేజీల్లోనే నీ చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకో. లేకపోతే మూడో రకాన్ని మొదటి రకంలా చదివి, "హంతకుడెవరో మొదట్లోనే చెప్పేశాడు, ఇదేం థ్రిల్లర్" అని పక్కన పడేస్తావు. జాబితాలో ఇంకో పుస్తకం పక్కన నువ్వు రాసిన మాట సరిగ్గా ఇదే. ఆ పుస్తకం పాపం ఏ తప్పూ చెయ్యలేదు.

ఒకే రకం రెండు వెంటవెంటనే పట్టుకోకు. మధ్యలో ఒక ప్రేమనవల పెట్టుకో. రెండు థ్రిల్లర్లు ఒకేసారి చదవడం అసలు వద్దు, ఇందులో ఇన్‌స్పెక్టర్ అందులోకి వెళ్ళిపోతాడు. ఒక థ్రిల్లరు, ఒక ప్రేమకథ పక్కపక్కన నడిపితే మాత్రం ఇబ్బంది లేదు. పగలు అది, రాత్రి పడుకునే ముందు ఇది.

ఎవరు చేశారన్న రకం అయితే పక్కన ఒక కాగితం ఉండాల్సిందే. పాత్ర రాగానే పేరు, ఎవరికి ఏమవుతారు, ఒక్క గుర్తు రాసుకో. ఇరవై పేర్లు దాటవు. పుస్తకం మూడోవంతు అయ్యాక ఆగి, ముగ్గురు అనుమానితుల పేర్లు, పక్కన కారణం రాయి. మూడోవంతే ఎందుకంటావా? 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు క్యాథలిక్ మతగురువు డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ మొదటి భాగంలోనే కనిపించి ఉండాలి, డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలి, కవలలుంటే ముందే సూచన ఇవ్వాలి, రహస్యమార్గం ఒకటికి మించకూడదు. ఇలా సాగుతాయి. నేరస్థుడి మనసులోని ఆలోచనలు పాఠకుడికి వినిపించకూడదని కూడా అన్నాడు. ఇప్పటివాళ్ళు దాన్ని కావాలనే తప్పుతున్నారు, తప్పి గొప్పగా రాసినవాళ్ళూ ఉన్నారు. కానీ మొదటి షరతు పని తెలిసిన రచయిత తప్పడు. మూడోవంతు అయ్యేసరికి దొంగ నీ కాగితం మీదికి వచ్చేసి ఉంటాడు. ఆఖరి యాభై పేజీల్లో ఊడిపడ్డవాడు హంతకుడైతే ఆ పుస్తకాన్ని నిర్మొహమాటంగా తిట్టుకోవచ్చు.

ఆధారాన్ని ఎలా దాస్తారో కూడా చూడాలి. ఇలాంటి వాక్యాలు వస్తుంటాయి: "బల్ల మీద తాళాలగుత్తి, సగం తాగిన కాఫీ, కళ్ళజోడు, కరెంటు బిల్లు, విరిగిన దువ్వెన ఉన్నాయి. అంతలో ఎవరో తలుపు దబదబా బాదారు." నీ కన్ను తలుపు వైపు పోతుంది. అసలు సరుకు జాబితా నడిమధ్యలో ఉన్న కళ్ళజోడు. చనిపోయినాయన చూపు ఆఖరిదాకా బాగానే ఉండేదని నలభై పేజీల తర్వాత ఎవరో మాటవరసకి అంటారు. దాచే చోట్లు మూడే అనుకో: జాబితా మధ్యలో, నవ్వు పుట్టించే సన్నివేశంలో, పెద్ద చప్పుడు అయ్యే ముందు. ఏదైనా వస్తువు పని లేకుండా రెండోసారి కనిపిస్తే పేజీ నంబరు రాసుకో.

అధ్యాయం పైన "మూడు రోజుల ముందు", "2009, డిసెంబరు" లాంటివి ఉంటే వాటి మీంచి కన్ను జారిపోనివ్వకు. సగం గందరగోళం అక్కడే పుడుతుంది. రెండు కాలాల్లో నడిచే కథలో ఒకే మనిషి రెండు పేర్లతో తిరుగుతుండొచ్చు. కాగితం మధ్యలో నిలువు గీత గీసి, అప్పటివాళ్ళని ఎడమవైపు, ఇప్పటివాళ్ళని కుడివైపు రాసి చూడు. ఎడమవైపు ఉన్న పిల్లకి కుడివైపు వయసు లెక్కగడితే సగం గుట్టు బయటపడుతుంది.

కిండిల్‌లో చదువుతున్నావు కాబట్టి ఇంకో మాట. కింద శాతం కనపడుతుంటే రచయిత శ్రమంతా వృథా. 62 శాతం దగ్గర పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నారంటే వాడు కాదని తెలిసిపోదూ! తెర ఎడమవైపు కింది మూల తాకుతూ పో, పేజీ నంబరు, మిగిలిన సమయం ఒక్కొక్కటే మారుతూ చివరికి ఖాళీ అవుతుంది. పాపులర్ హైలైట్స్ కూడా సెట్టింగుల్లో ఆపెయ్యి, లేకపోతే నలుగురూ గీత గీసిన వాక్యమే ఆధారమని ఊరంతా చాటినట్టు ఉంటుంది. ఇ-పుస్తకంలో ఒక లాభం మాత్రం కాగితానికి లేదు: పేరు మీద వేలు నొక్కిపట్టి వెతికితే ఆ మనిషి ఎక్కడెక్కడ వచ్చాడో మొత్తం చూపిస్తుంది. అయితే నువ్వింకా చదవని పేజీల్లో వచ్చేవీ చూపిస్తుంది, కాబట్టి పై రెండు మూడు మాత్రమే చూసి మూసెయ్యి.

ఇక ప్రేమనవలలు. వీటిని నువ్వు థ్రిల్లర్ల మధ్య ఊపిరి పీల్చుకోవడానికి వాడుతున్నావు. తప్పేం లేదు కానీ, "ముగింపు ముందే తెలిసిపోయింది" అని నాలుగింటికీ ఒకటే ఫిర్యాదు రాశావు. తెలియాలి మరి! అమెరికాలో ప్రేమనవలా రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలోనే రెండు షరతులున్నాయి: కథకి కేంద్రం ప్రేమే కావాలి, ముగింపు తృప్తిగా, ఆశ కలిగించేలా ఉండాలి. వాళ్ళిద్దరూ కలుస్తారన్నది పుస్తకం కొన్నప్పుడే ఇచ్చిన హామీ. చూడాల్సింది అడ్డంకిని.

అడ్డంకిని పరీక్షించడానికి తేలికైన పద్ధతి ఉంది. వీళ్ళిద్దరూ ఐదు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడుకుంటే ఈ గొడవ తీరిపోతుందా? తీరిపోతే అది అపార్థం మీద నడిచే కథ, రెండువందల పేజీలు సాగదీయడానికి కుదరదు. మాట్లాడుకున్నా తీరదు, ఇద్దరిలో ఒకరు మారితేగాని తీరదు అంటే ఆ పుస్తకంలో సరుకుంది. ఈ నవలల్లో దాదాపు ముప్పావువంతు దగ్గర ఇద్దరూ విడిపోతారు. అక్కడ పుస్తకం మూసి, ఇద్దరి పేర్లు రాసి, ఎవరు ఏం వదులుకోవాలో ఒక్కో వాక్యం రాయి. ఆమె పేరు కింద మాత్రమే నిండి అతని పేరు కింద ఖాళీగా ఉంటే, ఆ ముగింపు నీకు ఎందుకు వెలితిగా అనిపించిందో తెలుస్తుంది.

మార్పుని పెద్ద పెద్ద సంభాషణల్లో వెతక్కు. మొదటి వంద పేజీల్లో హోటల్‌కి తీసుకెళ్ళి ఆమెని అడక్కుండా ఇద్దరికీ తనే ఆర్డర్ చెప్పేసే మనిషి, చివర్లో మెనూ ఆమె వైపు తిప్పి పెట్టి ఊరుకుంటే చాలు. క్షమాపణ కంటే అదే ఎక్కువ. రచయిత ఆ రెండు హోటల్ సన్నివేశాలనీ కావాలనే రాశాడని పసిగట్టడంలో ఉంది చదవడమంటే.

మిల్స్ అండ్ బూన్ అనే ఇంగ్లీషు ప్రేమనవలల ప్రచురణ సంస్థ మాదిరి వరసల్లో వచ్చే నవల సుమారు 50,000 మాటలు. నిమిషానికి 250 మాటల చొప్పున చదివితే మూడు గంటల ఇరవై నిమిషాలు. థ్రిల్లర్ ఉజ్జాయింపుగా 80,000 నుంచి లక్ష మాటలు, అంటే అయిదు గంటల ఇరవై నిమిషాల నుంచి ఆరు గంటల నలభై నిమిషాల దాకా. ఈ లెక్క వేసుకుంటే వారంలో ఎన్ని పడతాయో తెలుస్తుంది, రాత్రి రెండింటిదాకా కళ్ళు మండేలా కూర్చోనక్కర్లేదు. ఆ రెండిటిదాకా కూర్చోబెట్టే చిట్కా ఏమిటో తెలుసా? అధ్యాయం చివరి వాక్యం. మన వారపత్రికల సీరియల్స్ నాటి నుంచీ ఉన్నదే: పాఠకుడు వచ్చే వారం దాకా ఆగాలి కాబట్టి ప్రతి భాగం చివరా ఒక కొక్కెం వేలాడదీసేవారు. విరుగుడు ఒక్కటే. అధ్యాయం పూర్తిచేసి ఆపుదామనుకోకు, ఎప్పుడూ అధ్యాయం మధ్యలో, ఏదో కాఫీ తాగుతున్న చోట ఆపు. నిద్ర పడుతుంది.

ఆ సీరియల్స్ నవలలుగా వచ్చినప్పుడు ఏకబిగిన చదివితే చిరాకు పుట్టేదీ అందుకే, పది పేజీలకోసారి ఉలికిపాటు. రోజుకి రెండు మూడు భాగాలు చదువు, అవి ఆగి ఆగి చదవడానికి రాసినవి. 1960లు, 70ల నాటి ప్రేమనవల పడితే ముందు లోపలి పేజీలో మొదటి ముద్రణ ఏడు చూడు. ఆరడుగుల కథానాయకుడు, పెద్ద కారు, మాటకి ముందు కోపం, అభిమానవతి అయిన మధ్యతరగతి అమ్మాయి అప్పటి సామాను. అతని కోపం చూసి పుస్తకం విసిరెయ్యనూ వద్దు, "ఆ రోజులు అలాంటివి" అని వెనకేసుకు రానూ వద్దు. ఆ కోపానికి కథలో అతను మూల్యం చెల్లించాడా, లేక అదే మగతనమని కథ మెచ్చుకుందా, అది నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయి. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలల్లాంటి పాతవి దొరికితే అవి వేరే లెక్క. పొట్టివి, రెండు గంటల్లో అయిపోతాయి, రెండు లావుపాటి థ్రిల్లర్ల మధ్య పెట్టుకోవడానికి భేషైన వస్తువు.

ప్రేమా, హత్యా రెండూ కలిపినవి కూడా నీ జాబితాలో ఒకటుంది. ప్రేమించినవాడే అనుమానితుడు. ప్రచురణకర్త దాన్ని ప్రేమనవలగా అమ్మాడా, థ్రిల్లర్‌గా అమ్మాడా చూడు. ప్రేమనవల అయితే అతను హంతకుడు కాడు, హామీ ఉంది కదా. థ్రిల్లర్ అయితే ఏ హామీ లేదు.

నోట్‌బుక్‌లో ఒక్కో పుస్తకానికి ఒకటే పేజీ. కథ సారాంశం రాయకు, అది అట్ట వెనకే ఉంటుంది. మూడోవంతు దగ్గర వేసిన అంచనా, అది తప్పిందా నిలిచిందా, ఎక్కడ మోసపోయావు, అడ్డంకి ఏమిటి, నచ్చిన ఒక్క సన్నివేశం. పూర్తయిన మర్నాటికల్లా రాసెయ్యి. నక్షత్రాలు మాత్రం వెంటనే వెయ్యకు, వారం ఆగు. చివరి మలుపు వేడిలో ప్రతి థ్రిల్లరూ ఐదు నక్షత్రాలదే. వారం తర్వాత ముగ్గురి పేర్లు కూడా గుర్తు రాకపోతే మూడు చాలు. బాగా నచ్చినదాన్ని మళ్ళీ మొదటి యాభై పేజీలు చదివి చూడు. హంతకుడెవరో తెలిసి చదువుతుంటే అతని మాటలన్నీ రెండు అర్థాలతో వినపడితే అది గట్టి పుస్తకం. ఎక్కడైనా రచయితే మనకి అబద్ధం చెప్పినట్టు దొరికితే, నక్షత్రం తీసెయ్.

స్నేహితురాళ్ళకి చెప్పేటప్పుడు మొదటి పావు భాగం దాటకు. "చివర్లో భలే మలుపు ఉంటుందిలే" అన్నా చెప్పేసినట్టే, అప్పట్నించీ వాళ్ళు ప్రతివాణ్ణీ అనుమానిస్తారు.

ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు కొంటానన్నావు. పుస్తకాలు మామూలుగా 16 పేజీల ఫారాలుగా ముద్రించి కుడతారు, పాతవాటిలో దారం తెగి మొత్తం ఫారమే ఊడిపోతుంది. థ్రిల్లర్‌కి ఆఖరి ఫారం పోతే ఇక ఏం మిగిలింది? 16, 32, 48 ఇలా పేజీ నంబర్లు చూసుకుంటూ వెళ్ళి, చివరి పేజీ ఉందో లేదో చూడు. కానీ చదవకు, "సమాప్తం" అన్న మాట ఉంటే చాలు. వారపత్రికల్లోంచి చింపి ఇంట్లో బైండు చేయించిన సీరియల్స్ కూడా అక్కడ దొరుకుతాయి. వాటిలో భాగం సంఖ్యలు వరసగా ఉన్నాయో లేదో లెక్కపెట్టు, ఎవరింట్లోనో ఒక వారం పత్రిక పొరుగింటికి వెళ్ళి తిరిగి రాకపోయి ఉండొచ్చు. అంచు మడిస్తే పుటుక్కున విరిగే కాగితం కొనకు. చిరిగినచోట సెలోటేప్ అంటించకు, జిగురు పసుపుపచ్చగా దిగి అక్షరాలని మింగేస్తుంది. పల్చటి కాగితం, మైదా జిగురు చాలు. మార్జిన్లు కూడా ఓ చూపు చూసుకో, ముందు చదివిన మహానుభావులు కొందరు పన్నెండో పేజీలోనే "వీడే" అని బాణం గీసి పెడతారు.

ఉంటాను,
అత్తయ్య