ఆ ఫ్రీ రూముకు నువ్వయితే ఎంత ఇచ్చేవాడివి?

అల్లుడూ,

గోవా క్యాసినో నుంచి మళ్లీ పిలుపొచ్చిందట, రెండు రాత్రులు రూము, భోజనం, పైన కొన్ని ప్రమోషన్ చిప్స్ (పందెం కాసే బిళ్లలు) అన్నీ ఫ్రీ అంటున్నారట, ఆడినకొద్దీ పడే పాయింట్లు ఇంకాసిని వస్తే వాళ్ల మెంబర్ కార్డు గోల్డ్ అవుతుందట. మీ అత్త చెప్పింది. పోవద్దని నేననను. కానీ ఆ ఫ్రీ నీకు ఎంత చేస్తుందో తేల్చుకోకుండా మాత్రం నెల్లూరులో బండెక్కొద్దు. తోటి ఎరువుల డీలర్లతో మాండోవి నది మీది ఆ క్యాసినో ఓడల్లోకి ఏళ్ల తరబడి వెళ్లొచ్చినవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ముందు వాళ్ల లెక్క తెలుసుకో. నువ్వు సగటున ఎంత కాస్తున్నావు, ఎంతసేపు కూర్చున్నావు అని టేబుల్ దగ్గర రాసుకుంటారు. ఆ రాత్రి నువ్వు గెలిచినా ఓడినా, ఆ ఆటలో నీమీద సగటున ఎంత మిగలాలో వాళ్లకు ముందే తెలుసు, అందులోంచి కొంత నీకు రూముగా, భోజనంగా తిరిగిస్తారు. అంకెల చక్రం తిప్పి పందెం కాసే ఆట రూలెట్. ఒక్క సున్నా ఉన్న రూలెట్‌లో కాసిన దాంట్లో వాళ్లకు మిగిలేది 2.7 శాతం, రెండు సున్నాలుంటే 5.26 శాతం. గంటకు 40 సార్లు చక్రం తిరిగి, ప్రతిసారీ వెయ్యి కాస్తూ నాలుగు గంటలు కూర్చున్నావనుకో, మొత్తం కాసింది 1,60,000. సగటు నష్టం 4,300 దాకా, రెండు సున్నాలయితే 8,400. ఇది సగటు మాత్రమే, ఒక్క రాత్రిలో 20 వేలు పోనూ పోవచ్చు, రానూ రావచ్చు. ఆ 4,300లో మూడో వంతు తిరిగిచ్చారనుకున్నా నీ చేతికొచ్చేది 1,400 చిల్లర. ఎరువుల కంపెనీ మనకు స్కీం కింద ఇచ్చే బ్యాంకాక్ టూరు ఖర్చు మనం ఎత్తిన సరుకులోంచే వస్తుంది కదా, ఇదీ అంతే.

ఇక నీ సంగతి. రూము అద్దె 8,000 అని వాళ్లు రాస్తారు. నీ డబ్బుతో పోతే పణజిలో 2,000 లాడ్జిలో దిగేవాడివి, అలాంటప్పుడు ఆ రూము నీకు రెండు వేలే. మందు ఫ్రీ అంటారు, నువ్వు ముట్టవు, సున్నా వేసుకో. భోజనానికి బయట ఎంత పెట్టేవాడివో అంతే రాసుకో, బఫే బోర్డు మీది రేటు కాదు. ప్రమోషన్ చిప్స్ దగ్గర మాత్రం కాస్త ఆగి అడుగు. కొన్నింటిని నేరుగా నగదుగా మార్చుకోనివ్వరు, ఒక్కసారి కాస్తే గెలిచినా ఆ చిప్ వాళ్లే తీసేసుకుంటారు. అలాంటి వెయ్యి రూపాయల చిప్‌ను ఒక్క సున్నా చక్రంలో ఎరుపు మీదో నలుపు మీదో పెడితే నీకు సగటున దక్కేది 486 రూపాయలే. పాయింట్లకు గడువు ఎప్పటిదాకో కూడా చూడు, మళ్లీ పోయేలోపు రద్దయ్యేవి నీకు ఉన్నా లేనట్టే.

నాకు అసలు భయమంతా గోల్డ్ కార్డు గురించే. దానికోసం ఇంకో రెండు గంటలు కూర్చుంటావేమో అని. పైన చెప్పిన పందేల్లో ఆ రెండు గంటల సగటు ఖర్చు 2,160, తిరిగొచ్చేది 720. పాయింట్లు లేకపోయినా ఆడేవాడివే అన్న ఆటకు వచ్చింది మాత్రమే నీకు లాభం కింద లెక్క. దానికోసమని అదనంగా ఆడింది నష్టం కింద రాసుకో.

పన్నులూ మరిచిపోవద్దు. గెలుపు మీద 30 శాతం పన్ను, పోగొట్టుకున్నది అందులో తీసేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. క్యాసినో మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం, చిప్స్ కొన్నప్పుడు అది ఎవరి నెత్తిన పడుతోందో బిల్లు అడిగి చూసుకో.

వాళ్లు పంపిన ఆఫర్ మెసేజ్ ఉన్నది ఉన్నట్టు నాకు పెట్టు. టికెట్లు మాత్రం అప్పుడే తీయొద్దు.

మీ మామ