పాప నిద్రలో ఉండగా నాన్న వెళ్లిపోతే నయమా?

ప్రశ్న: మావారు సైన్యంలో హవల్దారు. సెలవైపోయి మళ్లీ సరిహద్దుకు వెళ్తున్నారు. పోయినసారి మా నాలుగేళ్ల పాప పక్క తడపడం మొదలుపెట్టింది. ఈసారి పాప నిద్రలో ఉండగా వెళ్లమంటోంది మా అత్తమ్మ. – ఒక తల్లి, కావలి

జవాబు: వద్దమ్మా. లేచేసరికి నాన్న లేకపోతే పాపకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. మీరు బజారుకెళ్లినా వదలదు. నాలుగైదు రోజుల ముందు చెప్పండి. నెల ముందు చెబితే ఆ వయసుకు అందదు. స్టేషన్‌కు తీసుకెళ్లండి. కావలిలో రైలు ఎక్కువసేపు ఆగదు, ముద్దులన్నీ ముందే అయిపోవాలి. ఏడిస్తే ఏడవనివ్వండి.

తిరిగొచ్చే తేదీ మాత్రం చెప్పకండి, సెలవులు రద్దవుతుంటాయి. రోజుకో చింతగింజ డబ్బాలో వేయించండి. అది గడిచిన రోజుల లెక్క, మిగిలినవాటిది కాదు.

ఆయన గొంతుతో రెండేసి నిమిషాల కథలు అయిదారు ఫోన్‌లో రికార్డు చేయించండి. ఎత్తైన సరిహద్దు పోస్టుల్లో ఒక్కోసారి సిగ్నల్ దొరకదు, అందుకే ఫలానా టైముకు ఫోనొస్తుందని మాటివ్వొద్దు. పాప గీసిన బొమ్మలు పోస్టు చేయండి. ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, దాని పిన్‌కోడ్, 56 లేదా 99 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) రాస్తే చాలు, ఊరు రాయకూడదు. పాప ముందు సరిహద్దు వార్తలు పెట్టకండి.

పక్క తడిపితే తిట్టకుండా దుప్పటి మార్చండి. మూత్రంలో మంట, జ్వరం ఉన్నా, తిండి మానేసినా పిల్లల డాక్టరుకు చూపించండి.