ఇథనాల్ ఫ్యాక్టరీ కోసమని ఉన్న భూమంతా మక్క వేయొచ్చా?

ప్రశ్న: నాకు మూడెకరాలుంది. రెండెకరాలు ఎర్ర చెలక, వానాకాలం కంది, జొన్న వేస్తాను. ఇంకో ఎకరం బోరు కింద పారుతుంది. దగ్గర్లో ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తోంది, మొత్తం మక్క వేస్తే రెండు కార్లూ (వానాకాలం, యాసంగి) క్వింటాలు 3,000కు కొంటామని ఒక ఏజెంటు తిరుగుతున్నాడు. వేయమంటారా? మా నాన్న అప్పట్లో ఇట్లనే నమ్మి డీజిల్ నూనె కోసమని జట్రోఫా చెట్లు పెట్టి మునిగాడు.
– ఒక రైతు, వనపర్తి జిల్లా

జవాబు: మూడెకరాల్లోనూ వేయొద్దు, అన్నా. బోరు కింది ఎకరంలో వేసుకోండి, అదీ మామూలు మార్కెట్ ధరకు అమ్మినా గిట్టుతుందనుకుంటేనే.

ముందు ఆ 3,000 సంగతి చూద్దాం. క్వింటాలు మక్కకు 38 లీటర్ల దాకా ఇథనాల్ వస్తుంది. 2024-25లో పెట్రోలులో కలపడానికి మక్క ఇథనాల్‌కు ఆయిల్ కంపెనీలు ఇచ్చిన ధర లీటరుకు 71.86 రూపాయలు, అంటే మొత్తం 2,730 చిల్లర. మిగిలిన పిప్పిని దాణాకు అమ్మితే ఇంకొంత వస్తుంది గానీ బొగ్గు, కరెంటు, జీతాలు, బ్యాంకు వడ్డీ అన్నీ అందులోంచే పోవాలి కదా, ఇక మీకు 3,000 ఎక్కడి నుంచి తెచ్చిస్తారు? 2025-26కు మద్దతు ధర 2,400. దాంతో లెక్క వేసుకోండి. ఏజెంటును ధర కాగితం మీద రాసిమ్మనండి, తేమ 14 శాతం దాటితే ధరలో ఎంత కోస్తారో కూడా రాయమనండి. అక్కడే చాలామంది జారుకుంటారు.

మీ నాన్నగారిని తప్పుపట్టలేం. 2003 తర్వాత దేశమంతా జట్రోఫా జపమే చేసింది. నీళ్లు లేకున్నా బంజరులో బతుకుతుందన్నారు, అది అబద్ధమేం కాదు, చెట్టు బతికింది, కాయే సరిగ్గా కాయలేదు. గింజ విషం, పిండి పశువుకు పెట్టరాదు, ఆకు మేక కూడా ముట్టదు, కాబట్టి కొనేవాడు రాకపోతే ఇంట్లో దేనికీ అక్కరకు రాలేదు. మక్క ఆ విషయంలో నయమే, ఫ్యాక్టరీ వద్దన్నా కోళ్ల దాణాకు పోతుంది, చొప్ప ఎడ్లు తింటాయి.

నా భయమల్లా మీ చెలక గురించే. యాసంగి మక్కకు ఎకరాకు 80 కిలోల నత్రజని కావాలి, అంటే నాలుగు బస్తాల యూరియా. కందికి 8 కిలోలు చాలు, పైగా ఆకు రాల్చి భూమికి తిరిగిస్తుంది. ఇక నీళ్లు. తేలిక నేలలో ఎనిమిది, పది తడులు పెట్టాలి. జల్లు (మొక్క కొసన పూత), కంకికి పీచు వచ్చేటప్పుడు ఒక్క తడి తప్పినా కంకి సగం గింజే పట్టుకుంటుంది, ఎండలు ముదిరి బోరు గుక్కలు పెట్టే రోజులు సరిగ్గా ఆ దశలోనే వస్తే ఏం చేస్తారు? మక్క మీద మక్క వేస్తే కత్తెర పురుగుకు ఏడాదంతా మేత దొరికినట్టే.

వానాకాలం చెలకలో మక్క వేయాలనే ఉంటే రెండు సాళ్ల మక్కకు ఒక సాలు కంది పెట్టండి. కానీ అలవాటు కొద్దీ అట్రజిన్ కలుపు మందు కొట్టకండి, కంది మొలక మాడిపోతుంది. విత్తిన 48 గంటల్లోపు ఎకరాకు లీటరు పెండిమిథాలిన్ కలుపు మందు 200 లీటర్ల నీళ్లలో కలిపి తడి నేల మీద పిచికారి చేయండి.

ఇందులో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పి చవగ్గా దాణాలోకి రావడంతో సోయా చెక్కకు (గింజ నూనె తీయగా మిగిలే దాణాకు) గిరాకీ తగ్గింది. 2024లో సోయా ధర మద్దతు ధర 4,892 కంటే దిగువకు పడిపోవడానికి అదీ ఒక కారణం. ఒకరి మక్కకు ధర వస్తే ఇంకొకరి సోయాకు పోయింది.

ఫ్యాక్టరీ వదిలే నీళ్ల మీద కూడా కన్నేసి ఉంచండి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో రైతులు రోడ్డెక్కింది ఇథనాల్ ఫ్యాక్టరీతో నీళ్లు పాడవుతాయన్న భయంతోనే. ఫ్యాక్టరీ మొదలవకముందే మీ బోరు నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. తేదీ ఉన్న రిపోర్టు చేతిలో లేకపోతే, రేపు నీళ్లు రంగు మారినా ముందు నుంచీ ఇంతేనంటారు.