ఫస్ట్ ఎవరు వేశారో ఎవరికి గుర్తుంటుంది?

ప్రశ్న: అక్కా, నేను ఒక న్యూస్ ఛానెల్‌కు స్ట్రింగర్‌ని, అంటే ఊళ్లో ఉండి వార్తలు పంపే పార్ట్‌టైమ్ విలేకరిని. ఈ మధ్య ‘ది న్యూస్‌రూమ్’ అనే అమెరికా సీరియల్ చూశాను. అందులో కన్ఫర్మ్ కాని వార్త వేయమంటే వేయరు. మా దగ్గర హైవే మీద యాక్సిడెంట్ అయిందంటే చాలు, నేను బండి తీసేలోపే డెస్క్ నుంచి ఫోన్. ‘పక్క ఛానెల్‌లో ఇద్దరు మృతి అని స్క్రోలింగ్ పోతోంది, నువ్వెక్కడున్నావ్?’ అంటారు. నిజంగా అలాంటి న్యూస్‌రూమ్ ఉంటుందా?
– ఒక స్ట్రింగర్, మిర్యాలగూడ

జవాబు: ఉంటుంది తమ్ముడూ, కాకపోతే రోజూ ఉండదు. ఆ పూట డెస్క్‌లో ఆగుదాం అనే మనిషి ఒకరుంటే ఉంటుంది, లేకపోతే లేదు. మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్ గుర్తుందా? 2011 జనవరి 8న అరిజోనాలో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ మీద కాల్పులు జరిగాయి. ఆ రోజు అక్కడి రేడియో సంస్థ ఎన్‌పీఆర్‌తో సహా పేరున్న సంస్థలే ఆమె చనిపోయారని చెప్పేశాయి. ఆమె బతికారు. సీరియల్‌లో యాజమాన్యం మనిషి కంట్రోల్ రూమ్‌లోకి వచ్చి, క్షణానికి వెయ్యి మంది ఛానెల్ మార్చేస్తున్నారని అరుస్తాడు. అయినా యాంకర్ విల్ ఆ మాట చదవడు. చనిపోయారని చెప్పాల్సింది డాక్టర్, మనం కాదు అని అక్కడున్న ప్రొడ్యూసర్ తేల్చేస్తాడు.

మన దగ్గరికే వద్దాం. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. మొదటి మృతదేహం దొరికింది మార్చి 9న. అంటే రెండు వారాలు. సొరంగం బయట లోగో (ఛానెల్ గుర్తున్న మైకు) పట్టుకుని నిలబడి, ఫోన్‌లో లైవ్‌గా చెప్పే ‘ఫోనో’ మీద ఫోనో ఇచ్చే రిపోర్టర్‌కు లోపల ఏముందో కనపడదు, కానీ అతని నోటి నుంచి జారే ఒక్క మాట జార్ఖండ్‌లోనో పంజాబ్‌లోనో ఫోన్ చూసుకుంటూ కూర్చున్న ఇంటివాళ్లకు చేరుతుంది. వాళ్లకు ఏ ఛానెల్ ఫస్ట్ వేసిందన్నది అక్కర్లేదు. రేటింగ్స్ చూసుకునేవాళ్లకు తప్ప అది ఎవరికీ గుర్తుండదు కూడా.

నువ్వు చేయగలిగింది ఒకటుంది. డెస్క్ ఫోన్ చేస్తే నీ కంటికి కనిపించింది చెప్పు: ఏ ఊరి దగ్గర, ఏ బండ్లు, అంబులెన్స్ ఎటు పోయింది. ఎంతమంది పోయారని అడిగితే, డ్యూటీ డాక్టరో ఎస్సైయో చెప్పేదాకా ‘మృతుల సంఖ్య కన్ఫర్మ్ కాలేదు’ అని వాట్సాప్‌లో పెట్టు. నోటిమాటగా చెప్పి ఊరుకోకు. రేపు ఆ వార్త తప్పయితే డెస్క్‌లో ఎవరికీ ఏమీ కాదు, లోగో లాక్కునేది నీ దగ్గరే.

ఆ సీరియల్‌లో స్ట్రింగర్ కథ కూడా ఉంది, చాలామంది పట్టించుకోరు. ఈజిప్టు గొడవలప్పుడు కైరోలో వార్తల కోసం పెట్టుకున్న స్థానిక కుర్రాడిని ఎత్తుకుపోతారు. కంపెనీ డబ్బు కట్టనంటుంది, చివరికి విల్ సొంత జేబు నుంచి రెండున్నర లక్షల డాలర్లు ఇస్తాడు. దాన్ని గొప్ప త్యాగంలా చూపించారు. నాకు మాత్రం చూస్తుంటే కోపం వచ్చింది. పని చేయించుకున్న సంస్థ చేతులు దులుపుకుంటే, స్ట్రింగర్ ప్రాణం ఒక యాంకర్ మంచితనం మీద ఆధారపడాలా?

ప్రశ్న: మేడమ్, పాత ఘటనలు తీసుకుని రాశారు కాబట్టి ఆ సీరియల్‌లో వాళ్లు ఎప్పుడూ కరెక్టే అవుతారని మా ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?
– జర్నలిజం విద్యార్థిని, వనపర్తి

జవాబు: మొదటి సీజన్ వరకు నిజమేనమ్మా. 2012లో వచ్చిన సీరియల్‌లో 2010 నాటి చమురు బావి పేలుడు కథ నడిస్తే, ఏ వార్త పెద్దదవుతుందో రచయిత ఆరన్ సోర్కిన్‌కు ముందే తెలుసు. రెండో సీజన్ చూసి అప్పుడు మాట్లాడమను. అందులో వాళ్లే ఘోరంగా బోల్తా పడతారు. అమెరికా సైన్యం విషవాయువు వాడిందన్న కథనం కోసం ఒక ప్రొడ్యూసర్ రిటైర్డ్ జనరల్ ఇంటర్వ్యూలో ‘ఒకవేళ వాడి ఉంటే’ అన్న ముక్కను కత్తిరించేస్తాడు. దొరికిపోయేది ఎలాగో తెలుసా, జనరల్ వెనకాల టీవీలో బాస్కెట్‌బాల్ మ్యాచ్ నడుస్తుంటుంది, దాని గడియారంలో సెకన్లు ఉన్నట్టుండి ఎగిరిపోతాయి. విల్ బులెటిన్ నడిపే ప్రొడ్యూసర్ మెకెంజీ కన్ను దాని మీద పడుతుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరూ చూడాల్సిన సీన్ అది. దీనికి మూలం కూడా నిజంగా జరిగిందే: లావోస్‌లో అమెరికా సైన్యం సరిన్ అనే విషవాయువు వాడిందంటూ 1998లో ఇచ్చిన కథనాన్ని సీఎన్ఎన్ నెల తిరక్కుండానే వెనక్కి తీసుకుంది.

ప్రశ్న: మా డిగ్రీ పిల్లలకు చూపించాలనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక లెక్చరర్, దేవరకొండ

జవాబు: మొత్తం 25 ఎపిసోడ్లు, అన్నీ క్లాసులో కుదరవు సార్. మొదటి ఎపిసోడ్‌లో యూనివర్సిటీ ప్రసంగం అందరూ షేర్ చేస్తారు గానీ, పిల్లలకు పనికొచ్చేది దాని తర్వాతి భాగం. చమురు బావి వార్త ఏజెన్సీ అలర్ట్‌గా వచ్చిన దగ్గర్నుంచి బులెటిన్ అయిపోయేదాకా చూపించండి. మాటలు మరీ స్పీడ్, సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టండి, మధ్యలో ఆపి ‘ఈ సమాచారం ఎవరిచ్చారు, దాన్ని ఎవరితో సరిచూసుకున్నారు’ అని అడగండి.