చేతి మీద తిరునామం ఉంటే ఉద్యోగం రాదా?

తిరుపతి నుంచి ఈ మధ్య నాకు వచ్చే ఫోన్లలో వీసా గురించీ ఇంగ్లిష్ పరీక్ష గురించీ అడిగాక, చివర్లో గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, ముంజేతి మీద శంఖుచక్రాలు, మధ్యలో నామం పొడిపించుకున్నాను. ఇంటర్వ్యూలో చూస్తే పక్కన పెట్టేస్తారా?" అని నర్సింగ్ చదివిన అబ్బాయి. "ముక్కుపుడక తీసేసి రమ్మంటున్నాడు ఏజెంటు, తీసేయాల్నా అక్కా?" అని ఇంకో అమ్మాయి. "మావాడు మెడ మీద ఏందో రాయించుకున్నాడమ్మా, రేపు వీడికి ఎవరు పని ఇస్తారు?" అని ఒక తండ్రి. నేను తిరుపతి కొర్లగుంటలో పుట్టి పెరిగిన మనిషిని. చాలా ఏళ్లుగా ఇంగ్లండులో ఆసుపత్రి వార్డులో పనిచేస్తున్నాను. కొత్తవాళ్లను తీసుకునే ఇంటర్వ్యూల్లో ప్రశ్నలడిగే వైపు కూడా కూర్చుంటున్నాను. అందుకే అందరికీ కలిపి ఒక్కచోట రాస్తున్నాను.

ముందు ఆ నర్సింగ్ అబ్బాయికి. ముంజేతి మీద నామం ఉందని నేను కూర్చున్న ఇంటర్వ్యూల్లో ఎవరినీ వద్దనలేదు. బ్రిటన్‌లో నర్సులకూ డాక్టర్లకూ టాటూలు ఉండటం ఇప్పుడు మామూలు సంగతి. అయితే మన ఊళ్లో ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఇక్కడి ఆసుపత్రుల్లో రోగి దగ్గరికి వెళ్లేటప్పుడు మోచేతి కింద ఏమీ ఉండకూడదనే నియమం 2008 నుంచి అమల్లో ఉంది. పొడుగు చేతుల చొక్కా, వాచీ, గాజులు ఏవీ ఉండకూడదు. మహా అయితే రాళ్లు లేని సాదా ఉంగరం ఒకటి. చేతులూ మణికట్లూ శుభ్రంగా కడుక్కోవాలి, ఇన్ఫెక్షన్ ఒకరి నుంచి ఒకరికి పాకకూడదు, అదీ కారణం. అంటే ఆఫీసులో పనిచేసేవాళ్లలాగా చొక్కా చేతులు దించుకుని టాటూ దాచుకునే వీలు నర్సుకు ఉండదు. ముంజేతి మీద ఉన్నది షిఫ్టు మొత్తం రోగి కళ్లముందే ఉంటుంది. నామమైతే "ఇదేంటి, బాగుందే" అంటారు, మంచం మీద ముసలాయనతో మాట కలుస్తుంది. బూతు మాటో, బట్టల్లేని బొమ్మో అయితే కప్పుకోమంటారు. కప్పుకోవడానికేమో నియమం ఒప్పుకోదు. అక్కడ వస్తుంది చిక్కు. కాబట్టి టాటూ ఉందా లేదా అన్నదానికంటే ఒంటి మీద ఎక్కడుంది, అందులో ఏముంది, మీరు చేయబోయే పని ఏది అన్నవే ముఖ్యం.

చేతికి కట్టుకునే దారం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొండకు పోయొచ్చి కట్టుకున్న దారం, కాశీ దారం, వ్రతం కంకణం మణికట్టుకు ఉంచుకుని వార్డులోకి వస్తే ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు తీసేయమంటారు. దానికి బాధపడి గొడవ పడినవాళ్లను చూశాను. అదే దారాన్ని మోచేతి పైన, దండకు కట్టుకోండి. మన పెద్దవాళ్లు తాయెత్తు కట్టుకున్నది అక్కడే కదా. యూనిఫాం కింద ఉంటుంది, ఎవరికీ అడ్డం రాదు.

చట్టం మనల్ని కాపాడుతుందా అని చాలామంది అడుగుతారు. సరదాకి వేయించుకున్న టాటూను దాదాపు ఎక్కడా కాపాడదు. బ్రిటన్‌లో 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ మతం, జాతి, లింగం, వయసు లాంటి తొమ్మిది లక్షణాల ఆధారంగా వివక్ష చూపకూడదంటుంది. టాటూ ఆ తొమ్మిదిలో లేదు. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం మత ఆచారాలకు వీలు కల్పించమని యజమానికి చెబుతుంది. యజమాని కుదరదనాలంటే తన వ్యాపారానికి గట్టి భారమే పడుతుందని చూపించాలని 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఇంకాస్త బిగించింది. కానీ అందరికీ అది పనికొస్తుందనుకోవద్దు. కాస్ట్‌కో అనే పెద్ద దుకాణాల కంపెనీలో క్యాషియర్‌గా చేసే ఒకామె కనుబొమకు పెట్టుకున్న రింగు తన మతంలో భాగమని కోర్టుకెళ్తే, 2004లో అప్పీలు కోర్టు కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. కస్టమర్ల ముందు నిలబడే ఉద్యోగి ఎట్లా కనిపించాలో నిర్ణయించుకునే హక్కు వ్యాపారానికి ఉంటుందన్నది అక్కడ నెగ్గిన వాదన.

ముక్కుపుడక కథ వేరు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మన దక్షిణాది మూలాలున్న ఒక అమ్మాయిని ముక్కుపుడకతో బడికి రావద్దన్నారు. ఆ కేసు దేశంలోని రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2007లో ఆ అమ్మాయి గెలిచింది. తప్పనిసరి మతనియమం కాకపోయినా, మనిషి మనసుకు దగ్గరైన సంప్రదాయానికి కూడా గౌరవం ఇవ్వాలని కోర్టు చెప్పింది. మనవాళ్లలో ఎక్కువమందికి ఈ కేసు తెలియదు, తెలిసుండాలని నా కోరిక. ఒక ఏజెంటు నోటిమాటకు అమ్మమ్మ ఇచ్చిన ముక్కుపుడక తీసి డబ్బాలో పెట్టేసుకుని విమానం ఎక్కొద్దమ్మా. ఇంగ్లండులో ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, బళ్లలో చిన్న ముక్కుపుడకను ఎవరూ పట్టించుకోరు. ఆసుపత్రుల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. చేరకముందే మేనేజరును మర్యాదగా ఒక్కమాట అడిగితే తెలిసిపోతుంది.

తీయక తప్పని పనులు మాత్రం కొన్ని ఉన్నాయి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు మొదట దొరికిన పార్ట్‌టైం అంటూ ఆహారపదార్థాల ఫ్యాక్టరీల్లో, హోటల్ వంటగదుల్లో చేరతారు. పుడక ఊడి ఆహారంలో పడితే కంపెనీకి పెద్ద నష్టం. అందుకే కొందరు నీలం రంగు ప్లాస్టర్ వేసి కప్పుకోమంటారు, చాలామంది తీసేయమనే అంటారు. అమెరికాలో వంట చేసేవాళ్ల చేతులకు సాదా ఉంగరం తప్ప ఏ నగా ఉండకూడదని అక్కడి ఫుడ్ కోడ్‌లోనే ఉంది. అది మతం మీద చూపే చులకన కాదు, తినేవాళ్ల గొంతులో మేకు పడకుండా చూసే జాగ్రత్త. మన అమ్మాయిలకు ఇందులో ఒక ఇబ్బంది ఉంది. చిన్నప్పుడు బంగారం పనిచేసే ఆచారి బిగించిన సీల పదేళ్లకు కూడా కదలదు. ఇక్కడికొచ్చాక దాన్ని తీసేవాళ్లు దొరకరు, లాగితే ముక్కు వాస్తుంది. బయల్దేరే ముందే మన ఊళ్లో ఆచారి దగ్గర సీల వదులు చేయించుకోండి, మీరే తీసి పెట్టుకునేట్టు అలవాటు చేసుకోండి. తీసినప్పుడు రంధ్రం పూడకుండా ఇంట్లో వేపపుల్ల పెట్టేవాళ్లు కదా, ఇక్కడ అదే పనికి కనపడని ప్లాస్టిక్ పుల్లలు అమ్ముతారు. రేపు మీకే ఎమ్మారై స్కాన్ అవసరమైనా లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదు. దానికైనా ఈ అలవాటు పనికొస్తుంది.

గుండు గురించి కూడా అడుగుతున్నారు. మొక్కు తీర్చుకున్న వారానికే విమానం ఎక్కితే ఎట్లా అని. మా వార్డుకు కొత్తగా వచ్చిన ఒక తెలుగు అమ్మాయి కల్యాణకట్టలో తలనీలాలిచ్చి వచ్చింది. మొదటి రోజు టీ గదిలో అందరూ ఆమెతో మరీ మెల్లగా, మరీ మెత్తగా మాట్లాడుతున్నారు. ఒకామె తన కుర్చీ ఇచ్చింది. ఇంకొకామె బరువులు ఎత్తొద్దని చెప్పి మంచం తనే తోసింది. ఈ పిల్లకు ఏమీ అర్థం కాలేదు. క్యాన్సర్ మందులు వాడుతోందని వాళ్లు అనుకున్నారు. సంగతి తెలిశాక "నేను బాగున్నాను, మా దేవుడికి జుట్టు ఇచ్చాను" అని ఆమె చెబితే అందరూ తేలికపడ్డారు, ఆ తర్వాత ఎన్నో ప్రశ్నలడిగారు. గుండు వల్ల ఉద్యోగానికి ముప్పేమీ లేదు. కాకపోతే చేరేముందు ఒక వాక్యం చెప్పి ఉంచండి, ఎదుటివాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది. అంత వద్దనుకునే ఆడపిల్లలు మూడు కత్తెరలు ఇచ్చి రావచ్చు, మన దగ్గర అది ఎప్పటినుంచో ఉన్నదే.

సమాశ్రయణం అనే వైష్ణవ దీక్ష చేయించుకుని భుజాల మీద కాల్చి వేసిన శంఖుచక్రాల ముద్రలు ఉన్నవాళ్లు భయపడాల్సింది ఏమీ లేదు. చొక్కా కింద ఉంటాయి. వైద్యపరీక్షలో డాక్టరు ఆ కాలిన గుర్తులేమిటని అడగవచ్చు, ఎవరైనా కొట్టారా, కాల్చారా అని అడగడం వాళ్ల బాధ్యత. మత సంప్రదాయంలో ఇష్టపడి వేయించుకున్నానని నిదానంగా చెప్పండి, అంతే.

ఒక్క గుర్తు దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండమంటాను, అది స్వస్తిక్. మనకు గడప మీద, పుస్తకం మొదటి పేజీ మీద, పెళ్లిపత్రిక మీద ఉండే శుభచిహ్నం. యూరప్‌లో దాన్ని చూస్తే హిట్లర్ గుర్తొస్తాడు. లక్షల మంది యూదులను చంపిన పార్టీ గుర్తుగానే వాళ్ల తాతలు దాన్ని చూశారు. జర్మనీలో నాజీ గుర్తులను బహిరంగంగా చూపడం నేరం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2022లో నాజీ గుర్తును నిషేధిస్తూ, హిందువులకూ బౌద్ధులకూ జైనులకూ మతపరమైన వాడకానికి మినహాయింపు ఇచ్చింది. చట్టంలో మినహాయింపు ఉండవచ్చు, ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాడి గుండె జల్లుమనడానికి మినహాయింపు ఉండదు. మీరు చూసుకునే రోగి యూదుడైతే? చేతి మీద ఇప్పటికే ఉంటే ఆ సంగతి చేరేముందే మేనేజరుతో మాట్లాడి, ఏం చేయాలో తేల్చుకోండి. లేకపోతే దయచేసి కొత్తగా వేయించుకోవద్దు.

మెడ మీద రాయించుకున్న కొడుకు తండ్రికి నా జవాబు. ముఖం, మెడ, అరచేతి వెనక భాగం, ఈ మూడు చోట్లా ఉన్నవి ఇప్పటికీ దారికి అడ్డమే, దీన్ని నేను మెత్తగా చెప్పలేను. డిస్నీ పార్కులు 2021లో ఉద్యోగుల టాటూలు కనపడవచ్చని ఒప్పుకున్నా తల, ముఖం, మెడలను మినహాయించాయి. విమాన సంస్థల్లో వర్జిన్ అట్లాంటిక్ 2022లో తలుపు తెరిచింది, ఎమిరేట్స్ మాత్రం యూనిఫాంలో ఉండగా టాటూ కనపడకూడదనే అంటుంది. మన ఊళ్లోనే కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. హోటళ్లకూ ఓడలకూ విమానాలకూ వెళ్లాలనుకునే పిల్లలు టాటూ మెషీన్ కింద చెయ్యి పెట్టేముందు ఆ కంపెనీ నియమాలు చదవాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ బెంగ దాదాపు లేదు.

మరి ఉన్నదాన్ని తీయించుకోవచ్చా? లేజరుతో పోతుంది, కానీ వీసా వచ్చాక మొదలుపెడితే కుదరదు. ఒక్కో సిట్టింగుకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడం ఇవ్వాలి, సిట్టింగులు చాలా పడతాయి. నల్ల సిరా తేలికగా పోతుంది, పచ్చ, పసుపు మొండివి. మన చామనఛాయ చర్మం మీద తెల్లమచ్చలు మిగిలే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి బ్యూటీ పార్లరుకు కాకుండా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికే పోండి. ఆ అబ్బాయి ఈలోపు కాలరున్న చొక్కా వేసుకుని ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు, అందులో మోసమేమీ లేదు. టాటూ ఉందా అని అడిగితే మాత్రం ఉందని చెప్పాలి.

గల్ఫుకు వెళ్లేవాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది, అది అన్నిటికంటే నన్ను భయపెడుతుంది. పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోయే పిల్లలు ఎంతోమంది. జాతరలో, తిరునాళ్లలో చాప పరుచుకుని చిన్న మెషీన్‌తో పచ్చబొట్లు పొడిచేవాళ్లు ఒకే సూదితో వరసగా ఎంతమందికి పొడుస్తారో మీరే చూసుంటారు. సూదిని పాత గుడ్డకు తుడిచి, అదే సిరా మూతలో ముంచి పక్కవాడి చెయ్యి అందుకుంటారు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి పాకడానికి అంతకంటే వేరే మార్గం అక్కర్లేదు. గల్ఫు దేశాల వైద్యపరీక్షలో హెచ్‌ఐవీతోపాటు ఈ రెండూ చూస్తారు, పాజిటివ్ వస్తే వీసా లేదు. హెపటైటిస్ సి మందులతో నయమవుతుంది, కానీ నయమైన తర్వాత కూడా, ఒకసారి సోకిన జబ్బు ఆనవాలు రక్తంలో వెతికే యాంటీబాడీ పరీక్ష పాజిటివ్‌గానే చూపించవచ్చు. అంటే వంద రూపాయల బొమ్మకు కువైట్ దారి మూసుకుపోవచ్చు. వేయించుకోవాలనే ఉంటే కొత్త సూది మీ కళ్లముందు ప్యాకెట్ విప్పే చోట, సిరా విడిగా చిన్న కప్పులో పోసే చోట వేయించుకోండి. హెపటైటిస్ బి టీకా ముందే వేయించుకోండి. ఇప్పటికే జాతరలో వేయించుకున్నవాళ్లు కొన్ని నెలలు గడిచాక ఊళ్లోనే ఒక మంచి ల్యాబులో పరీక్ష చేయించుకోండి. వెంటనే చేయిస్తే బయటపడకపోవచ్చు. ఆ రిపోర్టు చేతికొచ్చి, డాక్టరు చూసి బాగుందన్నాకే ఏజెంటుకు డబ్బు కట్టండి. ముందు డబ్బు కట్టి, మెడికల్‌లో పోయి, ఆ అప్పు కోసం ఇంట్లో బంగారం కుదువ పెట్టిన కుటుంబాలను నేను చూశాను.