జర్మనీలో ఒక సెమిస్టర్: చిన్నికి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

నీ వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే నా కళ్లు చెమర్చాయి. నీ వయసులో నేనూ ఇలాగే ఒక్క సెమిస్టర్‌కి అక్కడికి వెళ్లాను. తర్వాత చాలా ఏళ్లు యూనివర్సిటీలో ఎక్స్చేంజ్ పిల్లల కాగితాలు చూసే పని చేశాను. సూట్‌కేసులో ఏం సర్దాలో మీ అమ్మ చూసుకుంటుంది. నేను చెప్పాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు కూర్చుని రోజులు లెక్కపెట్టుకో. వింటర్ సెమిస్టర్ కాగితం మీద అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా. పాఠాలు మొదలయ్యేది మాత్రం అక్టోబరు మధ్యలో, అయిపోయేది ఫిబ్రవరి మొదటి సగంలో. నడుమ క్రిస్మస్‌కి రెండు వారాల సెలవులు. నీ చేతికి వచ్చేది పదిహేను వారాలు, అటూ ఇటూగా. ఇది మనసులో ఉంటే ‘వచ్చే వారం చూద్దాంలే’ అనే మాట నోటికి రాదు. నేను అక్కడ పోగొట్టుకున్నదంతా ఆ మాట వల్లే పోగొట్టుకున్నాను.

అందులో పెద్దది ఒక పరీక్ష. అక్కడ క్లాసులో కూర్చోవడం వేరు, పరీక్షకి పేరు ఇవ్వడం వేరు. చాలా యూనివర్సిటీల్లో పరీక్షకి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, ఆ గడువు పరీక్షకి ఎన్నో రోజుల ముందే ముగిసిపోవచ్చు. ఎవరో ఒకసారి చెప్పారు, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఒక్క క్లాసు మానలేదు, నోట్సు అంతా రాసుకున్నాను. జనవరి చివర్లో వెళ్లి అడిగితే ప్రొఫెసర్ లిస్టు నా వైపు తిప్పి, ఒక్కో పేరు మీదా వేలు పెడుతూ కింది దాకా వెళ్లి ఆగిపోయారు. నా పేరు లేదు. ఆయన చాలా మంచి మనిషి, అయినా ఏమీ చేయలేకపోయారు. తిరిగొచ్చాక ఆ సబ్జెక్టు మళ్లీ మొదటి నుంచి చదివాను. నువ్వు మాత్రం మొదటి క్లాసు రోజునే ఆ తేదీ కనుక్కుని ఫోన్‌లో అలారం పెట్టుకో. రిజిస్టర్ అయినట్టు వచ్చిన పేజీని దాచుకో.

యూరప్ లెక్కలో సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల చదువు. అందులో క్లాసు కొంతే, మిగతాదంతా నువ్వు సొంతంగా చదువుకోవాల్సిందే. మీ కాలేజీ ఒప్పుకుంటే ముప్పైకి పోవద్దు, ఒక సబ్జెక్టు తగ్గించుకో. లెర్నింగ్ అగ్రిమెంట్‌లో, అంటే అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతావో ముందే ఒప్పుకున్న కాగితంలో, రాసుకున్న వాటిలో ఒకటో రెండో అక్కడికి వెళ్లాక ఉండవు, లేదంటే రెండు క్లాసులు ఒకే టైముకి పడతాయి. టెన్షన్ పడకు, మార్చుకోవచ్చు. మార్చిన ప్రతిసారీ మీ కోఆర్డినేటర్ ఒప్పుకున్నట్టు రాతలో తీసుకో. ఫోన్‌లో ‘సరేలేమ్మా’ అంటే చాలదు, నువ్వు తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉండొచ్చు. గ్రేడ్లు కూడా అక్కడ తలకిందులుగా ఉంటాయి: 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. వాటిని మీ కాలేజీ ఎలా మార్చి వేసుకుంటుందో వెళ్లే ముందే అడుగు.

టైమ్‌టేబుల్‌లో 10 పక్కన ‘సీటీ’ అని ఉంటే క్లాసు పదింపావుకి మొదలవుతుంది. ‘ఎస్టీ’ అని ఉంటే సరిగ్గా పదికే. లెక్చర్ అయిపోగానే అందరూ బల్లల మీద వేళ్లతో టకటకా కొడతారు, అది చప్పట్లకు బదులు. నాకు ఇప్పటికీ ఆ చప్పుడు చెవిలో ఉంది.

గదిలో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లు ఇచ్చినవాళ్ల సంతకంతో ఒక కాగితం కావాలి, తాళంచెవులు తీసుకునేటప్పుడే అడిగెయ్. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, బయలుదేరకముందే ఆన్‌లైన్‌లో చూడడం మొదలుపెట్టు. ఇంకోటి, చిన్నదిలా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు: పోస్టు డబ్బా మీద నీ పేరు అంటించు. బ్యాంకు కార్డు, దాని పిన్, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది.

ఆరోగ్యం బాగోకపోతే దాచిపెట్టకు. ప్రాణం మీదికి వస్తే 112. రాత్రుళ్లూ, సెలవు రోజుల్లోనూ డాక్టరు కావాలంటే 116117.

నాకు ఎక్కువ బెంగ నవంబరు గురించే. అక్టోబరు కొత్తదనంలో గడిచిపోతుంది. నవంబరు చివరికి వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటితే చీకటి. ఆదివారం షాపులు మూసేస్తారు, వీధులు నిశ్శబ్దంగా ఉంటాయి. గదిలో తలుపు వేసుకుని ఇంటికి వీడియో కాల్ చేస్తావు. గంట, రెండు గంటలు. పెట్టేశాక ముందుకన్నా ఎక్కువ ఒంటరిగా అనిపిస్తుంది. ఇది నీ ఒక్కదానికే కాదు తల్లీ, నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ధైర్యంగా కనిపించినవాళ్లు కూడా ఇదే చెప్పుకుని ఏడ్చారు. కాల్ మానేయమనను, దానికొక వేళ పెట్టుకో. మిగతా సాయంత్రాలు హాస్టల్ వంటగదిలో కూర్చో. వండడానికి ఏమీ లేకపోయినా పుస్తకం తీసుకెళ్లి ఆ బల్ల దగ్గరే చదువుకో. నేను మొదటి నెలన్నర గదిలోనే తిన్నాను. ఒక రాత్రి హీటర్ పాడై వంటగదికి వెళ్తే, పక్క గది అమ్మాయి ఏమీ అడగకుండా కుర్చీ జరిపి చోటిచ్చింది. మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకుంటాం. హీటర్ మొదటి వారంలోనే పాడై ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ ఉంటాను.

క్లాసులు ఇంగ్లీషులోనే అయినా కాస్త జర్మన్ నేర్చుకో. ఆఫీసు కౌంటర్ దగ్గర అది లేకుండా పని జరగడం కష్టం. తప్పుగా మాట్లాడినా మాట్లాడు.

అక్కడి నుంచి తిరిగి బయలుదేరే ముందు నువ్వు చదివిన ప్రతి సబ్జెక్టు సిలబస్ పీడీఎఫ్ సేవ్ చేసుకో. ట్రాన్స్క్రిప్ట్, అంటే నీ గ్రేడ్ల పత్రం, ఎప్పుడు, ఎవరు పంపుతారో పేరుతో సహా రాసుకుని రా. అది వచ్చేదాకా వెంటపడు.

పోస్టు డబ్బా మీద పేరు అంటించాక ఒక ఫొటో తీసి పంపు. ఎదురుచూస్తుంటాను.

మీ పెద్దమ్మ